మా మరిది హోటల్లో వాన

మా ఆయన ప్లంబరు. ఈ ఒక్క ముక్క చెప్పేస్తే సగం కథ చెప్పేసినట్టే. ఆయనకి రేడియోలో పాట వినబడదు, వంటింట్లోంచి నేను పిలిస్తే అసలే వినబడదు. కానీ పక్కింటివాళ్ల కుళాయి చుక్క చుక్కగా కారుతుంటే మాత్రం తింటున్న ముద్ద ఆపేసి చెవి అటు వేస్తారు. "వాషర్ పోయింది" అని తనలో తనే గొణుక్కుంటారు. ఎవరు పోయారని చెప్పినా ఆయన ముఖంలో అంత బాధ కనబడదు.

వీధి మలుపులో మాకో కొట్టు ఉంది. ముందు గదిలో నేను కూర్చుని కుళాయిలు, వాషర్లు, టేపులు అమ్ముతాను. వెనక గదిలో ఆయన పైపులూ, రెంచీలూ, ఆయన కోపాలూ ఉంటాయి. ఒకప్పుడు ఆ గదిలోనే మా మరిది కూడా ఉండేవాడు.

నేను కాపురానికి వచ్చేనాటికి వాడికి ముక్కు చీదుకోవడం కూడా సరిగ్గా రాదు. మా అత్తగారు అప్పటికే లేరు. వాడికి తలంటి, తినిపించి, జ్వరం వస్తే ఒళ్లో వేసుకుని కూర్చున్నదాన్ని నేను. అందుకే నాకు వాడు మరిది కాదు, పెద్దకొడుకు. చదువు వంటబట్టలేదని అన్నయ్య వెనకాల సంచి మోసుకుంటూ తిరిగాడు. పైపుకి మర కొట్టడం, వాలు చూడడం, గోడ మీద చెయ్యి వేసి లోపల తడి ఎక్కడుందో పసిగట్టడం, అన్నీ ఆయనే నేర్పారు. ఇద్దరూ పనికి వెళ్తుంటే వెనకనుంచి చూస్తే నడక కూడా ఒకటే. ఎడమ కాలు కాస్త ఈడుస్తారు.

రెండేళ్ల కిందట ఒక పెద్ద ఇంట్లో సింకు పని చేసి వస్తూ దారిలో వాడు అన్నాడట, "జీవితాంతం ఊళ్లోవాళ్ల మురుగులో చెయ్యి పెట్టి బతకడం నా వల్ల కాదు" అని. మా ఆయన ఇల్లు చేరేదాకా ఉలకలేదు, పలకలేదు. చేరాక ఒక్క మాటన్నారు. "నువ్వు తిని పెరిగింది ఆ మురుగు పెట్టిన అన్నమే." అంతే. ఆ తరవాత తమ్ముడితో మాట్లాడితే ఒట్టు. కాలు జారితే తీసుకోవచ్చు, నోరు జారితే తీసుకోలేమని ఊరికే అన్నారా!

వాడు వెళ్లి ఎవరిదో బారులో పనికి కుదిరాడు. గ్లాసులు కడిగాడు, రకరకాల పళ్లరసాలూ మందులూ కలపడం నేర్చుకున్నాడు. ఒక స్నేహితుడితో కలిసి సొంతంగా హోటలు తెరిచాడు. తెరిచిననాటినుంచీ నెలకోసారి మా కొట్టు మెట్ల దగ్గర నిలబడి, "అన్నయ్యా, ఒక్కసారి వచ్చి చూడు" అని పిలిచేవాడు. ఈయన వాడికి వీపు చూపించి పైపులు లెక్కపెట్టుకునేవారు. ఆ హోటలు పేరేమిటో, ఏ వీధిలో ఉందో కూడా అడగలేదు. ఎవరైనా చెప్పబోతే లేచి వెళ్లిపోయేవారు. ఆయన రాకుండా నేనొక్కదాన్నీ గడప తొక్కనని నేనూ పంతం పట్టాను. మొండివాడు రాజుకన్నా బలవంతుడంటారు. ఆ లెక్కన మా ఇంట్లో ముగ్గురూ చక్రవర్తులమే.

మొన్న గురువారం ఆయన పనిమీద బయటికి వెళ్లినప్పుడు వాడు కొట్టుకి వచ్చాడు. చిక్కిపోయాడు. స్టూలు మీద కూర్చుని ఒక వాషర్‌ని వేలికి తొడుక్కుంటూ తీస్తూ అన్నాడు.

"ఆదివారానికి హోటలు పెట్టి ఏడాది వదినా. ఇదే ఆఖరిసారి పిలవడం. ఇంక పిలవను."

"అదేం మాటరా?"

"కోపంతో కాదు. పిలిచిన ప్రతిసారీ వెనక్కి వెళ్లేటప్పుడు నా కాళ్లు నడవట్లేదు. రావడం ఇష్టం లేని మనిషిని ఎన్నిసార్లని పిలవను?"

వాడు వెళ్లిపోయాక నాకు అన్నం సహించలేదు. వాడు ఒకసారి మానేశాడంటే మానేసినట్టే. ఆ విషయంలో అన్నకి తగ్గ తమ్ముడు. ఈ ఆదివారం దాటితే ఈ ఇద్దరూ ఏ పెళ్లిలోనో, ఏ చావులోనో ఎదురుపడి చూపులు తిప్పుకునే మనుషులు అయిపోతారు. అది నేను కళ్లతో చూడలేను.

వెయ్యి అబద్ధాలాడి ఒక పెళ్లి చెయ్యమన్నారు. అన్నదమ్ముల్ని కలపడానికి ఒక్క అబద్ధం ఆడకూడదా?

"ఏవండీ, ఎవరో పెద్ద హోటలువాళ్లు ఫోన్ చేశారు. కప్పు కారుతోందట. ఆదివారం సాయంత్రం రమ్మన్నారు" అన్నాను.

"ఆదివారమా? పొద్దున్నే పోనా?"

"సాయంత్రమైతేనే కారుతుందట."

ఆయన నన్ను వింతగా చూశారు. "సాయంత్రం మాత్రమే కారే కప్పు నేనెక్కడా చూళ్లేదే."

"చూడనివి చాలా ఉంటాయి. ఇదిగో, ఇస్త్రీ చొక్కా."

"లీకు చూడ్డానికి ఇస్త్రీ చొక్కా ఎందుకే?"

"పెద్ద హోటలండీ. నేనూ వస్తాను, లోపల ఎలా ఉంటుందో చూద్దామని."

నమ్మారు. మా ఆయనలో ఉన్న పెద్ద మంచిగుణం అదే. నీళ్లు కారుతున్నాయని చెబితే నరకానికి రమ్మన్నా వస్తారు.

అది పాత మేడ కింద అంతస్తు. బయట వెదురు తడికలు కొట్టి ఉన్నాయి. తలుపుకి రెండు పక్కలా మనిషంత చెక్క బొమ్మలు. కళ్లు మిటకరించి, నోరు చెవులదాకా చీల్చి, పళ్లన్నీ బయట పెట్టి నిలబడ్డాయి. "అప్పుల వాళ్లని చూసి నవ్వినట్టుంది" అన్నారు మా ఆయన.

లోపలికి అడుగు పెట్టగానే పగలు మాయమైపోయింది. కిటికీలన్నీ ఎండుటాకులతో కప్పేశారు. పైనుంచి వలలు, ఆ వలల్లో గాజు బుడ్లు, బుడ్లలో ఎర్రగా, పచ్చగా దీపాలు. బల్లలు పడవ చెక్కలతో చేసినట్టున్నాయి. ప్రతి స్తంభానికీ ఒక చెక్క ముఖమే. ఒకటి కోపంగా, ఒకటి దిగులుగా, ఒకటి అచ్చం మా పెద్దాడపడుచులా. జనం మట్టి ముఖాల గ్లాసుల్లోంచి గొట్టాలతో ఏవో తాగుతున్నారు. గ్లాసు అంచున అనాస ముక్క, దానికి గుచ్చిన కాగితం గొడుగు. ఆ గొడుగు చూస్తే నాకు ముద్దొచ్చింది. ఎవరూ చూడకుండా ఒకటి పర్సులో వేసుకుందామనిపించింది. మా వాడు, నాచేత ముక్కు చీదించుకున్న వాడు, ఇదంతా కట్టాడు! గొంతు దాకా వచ్చిన గర్వాన్ని దగ్గులా మార్చి మింగేశాను.

పూల చొక్కా తొడుక్కున్న ఒక అమ్మాయి మమ్మల్ని ఒక బల్ల దగ్గర కూర్చోబెట్టింది. మా సంగతి ఆ పిల్లకి ముందే ఫోన్లో చెప్పి ఉంచాను. మేం కుదురుగా కూర్చున్నాక వంటింట్లో ఉన్న మరిదిని బయటికి పంపాలి. మెత్తగా, మర్యాదగా, జనం ముందు ఆయన అరవలేనట్టుగా. అదీ నా పథకం.

"ఈ బొమ్మలేంటమ్మా?" అని అడిగాను, ఆయన దృష్టి మళ్లించడానికి.

"టికీ బొమ్మలంటారు ఆంటీ. ఎక్కడో సముద్రం మధ్యలో ద్వీపాలున్నాయి కదా, అక్కడివి. మా సారు ఏమంటారంటే, 'అక్కడికి నేనూ వెళ్లలేదు, వచ్చేవాళ్లూ వెళ్లలేదు, అందరం కలిసి వెళ్లొచ్చినట్టు ఆడుకుందాం' అంటారు" అని నవ్వింది.

మా ఆయన అదేమీ వినడం లేదు. తల పైకెత్తి కప్పు వెతుకుతున్నారు. "పొడిగానే ఉందే. ఎక్కడ కారుతోంది?"

సరిగ్గా అప్పుడే దీపాలన్నీ తగ్గిపోయాయి. ఎక్కడో ఉరిమింది. గాజు బుడ్లు మిణుకుమిణుకుమన్నాయి. బారు వెనక రేకు చూరు మీద టపటపా మొదలై, చూసేసరికి ధారలు ధారలుగా వాన! నిజం నీళ్లు. చూరు అంచునుంచి జారి కింద మొక్కల తొట్టిలో పడుతున్నాయి. జనం చప్పట్లు కొట్టారు. ఎవరో ఈల వేశారు.

నేనూ నోరు తెరుచుకుని చూస్తున్నాను. అది హోటలువాళ్లు కావాలని కురిపించే వాన అని తెలుసుకోవడానికి నాకే కాస్త సమయం పట్టింది. పక్కకి తిరిగి చూస్తే కుర్చీ ఖాళీ. ఆయనా లేరు, ఆయన సంచీ లేదు.

ముందు నీళ్లు కట్టెయ్, తరవాత మాట్లాడు. ఆయన వృత్తిలో మొదటి పాఠం అది. మిగతా ప్రపంచానికి అది వాన కావచ్చు, ఆయనకి మాత్రం కప్పులోంచి కుండపోతగా లీకు, దానికి చప్పట్లు కొట్టే పిచ్చివాళ్లు. పైపు ఎటునుంచి వస్తోందో చూసుకుంటూ బారు పక్క సందులోకి వెళ్లారు. అక్కడ గోడకి ఆనించిన చెక్క బొమ్మని "జరుగు నాయనా" అని పక్కకి జరిపారు. దాని వెనక మెయిన్ వాల్వు ఉంది. రెంచి వేసి బిగించి కట్టేశారు.

వాన ఆగిపోయింది. వానతోపాటు వంటింటి కుళాయిలు, గ్లాసులు కడిగే సింకు, బాత్రూములు, అన్నీ ఆగిపోయాయి. "అయ్యో" అని జనం. "నీళ్లు! నీళ్లు!" అని వంటింట్లోంచి కేకలు. వినాయకుణ్ణి చేయబోతే కోతి అయిందంటే ఇదే.

వంటింటి తలుపు తోసుకుని మా మరిది బయటికి వచ్చాడు. మోచేతుల దాకా సబ్బు నురగ. సందులో రెంచి పట్టుకుని నిలబడ్డ అన్నని చూసి అక్కడే ఆగిపోయాడు.

"అన్నయ్యా, అది లీకు కాదు. వాన. నేనే పెట్టాను."

మా ఆయన వాడిని చూశారు. చూరుని చూశారు. పళ్లికిలిస్తున్న బొమ్మని చూశారు. ఆఖరికి నా వైపు తిరిగారు. ఆ చూపుకి ఆకులతో కప్పిన ఆ గోడ నన్ను కూడా కప్పేస్తే బాగుండుననిపించింది.

"ఇంటికి పద, నీ సంగతి చెప్తా" అన్నారు నాతో. వాడితో ఒక్క మాట లేదు. వాల్వు చక్రాన్ని వెనక్కి తిప్పారు, నీళ్లు వదిలేసి వెళ్లిపోదామని. చక్రం గిర్రున తిరిగింది. నీళ్లు మాత్రం రాలేదు. మళ్లీ తిప్పారు. పాతకాలపు వాల్వు అది, ఆయన బిగించిన బిగింపుకి లోపల నీళ్లని ఆపే తలుపు ఊడి కిందికి పడిపోయింది. పైన చక్రం ఎంత తిప్పినా ఉత్తదే.

నేను దగ్గరికి వెళ్లాను. ఇక నా వల్ల కాలేదు.

"ఏమిటి మీ ఇద్దరి గోల? ఒకడేమో ఏడాదినుంచి పిలిచి పిలిచి చిక్కి సగమైపోయాడు. ఇంకొకరేమో తమ్ముడి మొహం చూడనని భీష్మించుకుని, వాడు రావడం ఆలస్యమైతే గుమ్మం వైపు చూస్తూ కూర్చుంటారు. నాకు తెలీదనుకున్నారా? అబద్ధమాడాను, అవును. మళ్లీ ఆడతాను. వెళ్తారా? వెళ్లండి. ఇంతమంది నోళ్లు ఎండబెట్టి వెళ్లండి!"

ఆ ఆఖరి మాట తగలాల్సిన చోట తగిలింది. నీళ్లు కట్టేసిన చోట తిరిగి నీళ్లు వదలకుండా గడప దాటడం మా ఆయన ఎరగరు. జ్వరంతో ఉన్నా, ఇంటివాళ్లు తిట్టినా, ఆ ఒక్కటి మాత్రం చెయ్యరు. సంచి కింద పెట్టారు. మోకాళ్ల మీద కూర్చున్నారు. చక్రం కింద ఉండే వాల్వు మెడ విప్పి, పడిపోయిన తలుపుని బయటికి లాగాలి. దానికి రెండు రెంచీలు కావాలి, ఇద్దరు మనుషులు కావాలి. ఒకరు పైపుని కదలకుండా పట్టుకోవాలి, ఒకరు ఎదురు తిప్పాలి. పట్టుకునే చెయ్యికి పని తెలియకపోతే పైపు మెలి తిరిగి గోడలోనే విరుగుతుంది.

ఆయన చుట్టూ చూశారు. పూల చొక్కా అమ్మాయి, వంటమనిషి, గొట్టాలు నోట్లో పెట్టుకుని చూస్తున్న జనం. పని తెలిసిన చెయ్యి అక్కడ ఒక్కటే ఉంది, సబ్బు నురగతో.

"పైన ట్యాంకు కట్టేసి రా" అన్నారు నేల వైపు చూస్తూ.

రెండేళ్ల తరవాత తమ్ముడితో ఆయన అన్న మొదటి మాట అది. వాడు మెట్లు ఎలా ఎక్కాడో, ఎలా దిగాడో, చిన్నప్పుడు కూడా అంత పరుగు చూడలేదు నేను. వచ్చి ఆయన పక్కన కూలబడ్డాడు. ఆయన చూడకుండానే చెయ్యి చాపారు. వాడు అడక్కుండానే పెద్ద రెంచి ఆ చేతిలో పెట్టి, చిన్నది తను తీసుకున్నాడు. నాకు అప్పుడే సగం ఏడుపొచ్చేసింది.

"ఈ వాల్వు ఎప్పటిది?"

"ముందునుంచీ ఉన్నదే. బిల్డింగు వాళ్లది."

"మార్చొద్దూ?"

"నువ్వొచ్చి చూస్తావని ఆగాను."

మా ఆయన రెంచి బిగించారు. మెడ కదలనంటోంది.

"అన్నయ్యా, ఆ రోజు నేనన్నమాట..."

"ముందు గట్టిగా పట్టుకో. జారుద్ది."

"పట్టుకున్నాను. నేనన్నది నీ పనిని కాదు. నువ్వు ఆ సింకు కింద నడుం పట్టేసి లేవలేక పడుకుని ఉన్నావు. ఆ ఇంటాయన ఫోన్ మాట్లాడుతూ నీ కాళ్లు దాటుకుంటూ వెళ్లాడు. వెళ్లి, మళ్లీ దాటుకుంటూ వచ్చాడు. గుమ్మంలో చెప్పులు దాటినట్టు. నాకు ఏడుపొచ్చింది. నీ ముందు ఏడవలేక ఆ మాటన్నాను."

మా ఆయన చేతులు ఆగాయి.

"దాటాడా? నేను చూళ్లేదే."

"నేను చూశాను."

మా ఆయన మళ్లీ రెంచిని మెడకి తగిలించారు. తరవాత మా ఆయన గొంతు వినబడింది, ఆ గొంతు నేను చాలా కాలంగా వినలేదు. "పిచ్చి వెధవా. రెండేళ్లు ఆగాలా ఈ ముక్క చెప్పడానికి?"

"నువ్వు వీపు తిప్పుకుని కూర్చుంటే పైపులకి చెప్పనా?"

ఆయన ఉక్రోషంగా రెంచిని ఒక్క గుంజు గుంజారు. మెడ ఊడింది. ట్యాంకు కట్టేసినా పైపులో మిగిలిన నీళ్లన్నీ ఒక్కసారి ఎగదన్ని ఇద్దరి ముఖాల మీదా కొట్టాయి. ఇద్దరూ ఉక్కిరిబిక్కిరై వెనక్కి పడ్డారు. వెనక నిలబడ్డ చెక్క బొమ్మ కూడా నిలువునా తడిసింది. మా ఆయన ముఖం తుడుచుకుని, వాణ్ణి చూసి, ముందు ఊరికే దగ్గారు. అది దగ్గు కాదని తేలేసరికి ఇద్దరూ గోడకి జారగిలబడి కడుపు పట్టుకుని నవ్వుతున్నారు. నేను మాత్రం కొంగు నోటికి అడ్డం పెట్టుకుని ఏడుస్తున్నాను. ఎవరి పని వాళ్లది.

ఊడిన తలుపుని తీసి పారేసి, మెడ బిగించి, ట్యాంకు వదిలారు. వంటింట్లో కుళాయి బుసకొట్టి పారింది. జనం మళ్లీ చప్పట్లు కొట్టారు, ఈసారి వానకి కాదు. మా ఆయన ఎక్కడ దాక్కోవాలో తెలియక నా వెనక నిలబడ్డారు.

వాడు బల్ల సర్దాడు. కాల్చిన చేప, అన్నం, కొబ్బరి పాలల్లో ఉడికిన కూరలు, నాకు నవ్వు ముఖం గ్లాసులో పళ్లరసం, దాని మీద రెండు గొడుగులు. మా ఆయన కూర్చోలేదు. నాకు ఆయన పద్ధతి తెలుసు. పనికి వెళ్లిన ఇంట్లో ఆయన మంచినీళ్లు కూడా ముట్టరు.

వాడికీ తెలుసు. చేతిలో గరిటె పట్టుకుని అలాగే నిలబడ్డాడు.

మా ఆయన తడి చొక్కా పిండుకుంటూ కాసేపు నేల చూశారు. "చేతులు ఎక్కడ కడుక్కోవాలిరా?" అన్నారు.

ఆ తరవాత ఆయన ఎంత తిన్నారో నేను చెప్పను, దిష్టి తగులుతుంది. మధ్యలో మళ్లీ దీపాలు తగ్గి, ఉరిమి, రేకు మీద వాన మొదలైంది. ఈసారి ఆయన కుర్చీలోంచి లేవలేదు. చెయ్యి గడ్డం కింద పెట్టుకుని చివరిదాకా చూశారు.

"బాగా పెట్టాడు" అన్నారు నాతో. వాడు వింటున్నాడని తెలిసీ నాతోనే అన్నారు. "ఆ మూల వంపు దగ్గరే వాలు కాస్త తగ్గింది. అక్కడ నీళ్లు నిలబడి రేకు తుప్పు పడుద్ది. రేపొచ్చి చూస్తాను."

ప్లంబరు రేపొస్తానంటే దాని అర్థం ఏమిటో కుళాయి ఉన్న ప్రతి ఇంటికీ తెలుసు. మా ఆయన రేపు అన్న మాట నమ్ముకుని బకెట్లు పట్టుకు కూర్చున్న వాళ్లు ఊరంతా ఉన్నారు. అందుకని నేను ఆ మాట మీద పెద్దగా ఆశ పెట్టుకోలేదు. కానీ మర్నాడు లేచేసరికి పక్క ఖాళీ. వాకిట్లో సంచీ లేదు. కాఫీ కూడా తాగకుండా వెళ్లిపోయారు.

ఉండబట్టలేక వాడికి ఫోన్ చేశాను. "వచ్చారట్రా?"

"నేనింకా తాళం తియ్యకముందే వచ్చి మెట్ల మీద కూర్చున్నాడు వదినా" అన్నాడు వాడు. "లోపలికి రా అన్నయ్యా అన్నాను. ఇంకెప్పుడూ నన్ను పిలవొద్దన్నాడు."

"అలా ఎందుకన్నారురా?"

"పిలిచేది బయటివాళ్లనట."